దయచేసి వేచి ఉండండి

“ఇంటర్నెట్ అనుసంధానం లేదు. దయచేసి వేచి ఉండండి,” అంది కంప్యూటరు, ఆసుపత్రి రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి గొంతుతో.

గంగాధరం చేతిలో పేపరు పక్కన పడేసి లేచాడు. రూటరు స్విచ్చి ఆపి, కాసేపాగి మళ్ళీ వేశాడు. తెర మీద పసుపు త్రికోణం కదల్లేదు. నిట్టూర్చి, కీబోర్డు మీద ఏదో నొక్కి పాత పాట ఒకటి పెట్టాడు.

“నెట్ వచ్చేదాకా పాట విను హైమా,” అన్నాడు భార్యతో.

చక్రాల కుర్చీలో ఉన్న హైమవతి కళ్ళు పెద్దవి చేసి అతని వైపే చూస్తోంది. ఆవిడ కదిలించగలిగినవి ఆ కళ్ళే. కాకినాడలో ఇరవయ్యేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. ఊళ్ళో కారు నడిపే ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. “బ్రేకు తొక్కమంటే నా మొహం చూస్తావేం?” అని ఆవిడ అరిస్తే భానుగుడి సెంటర్లో పక్క బళ్ళు కూడా ఆగేవని చెప్పుకునేవారు. రెండేళ్ళ క్రితం మెదడు అడుగుభాగంలో నరం చిట్లి ఒళ్ళంతా పడిపోయింది. కదలిక పోయింది గానీ స్పర్శ పోలేదు. మాట తలలో తయారవుతుంది, నోటిదాకా రాదు.

ఆ మాటని తలలోనే అందుకునే సాధనాన్ని కనిపెట్టింది ఆవిడ చెల్లెలు మందాకిని. విశాఖపట్నంలో కలస్వన అనే సంస్థ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి కూర్చుని, పుర్రె లోపల పరిచే పల్చటి వల ఒకటి తయారుచేసింది. మనిషి మాట్లాడాలనుకోగానే మెదడులో పుట్టే అలజడిని ఆ వల పట్టుకుంటుంది. ఇంట్లో కంప్యూటరు దాన్ని మాటలుగా మార్చి, ఆ మనిషి పాత గొంతుతోనే పలుకుతుంది. హైమ గొంతు కోసం డ్రైవింగ్ స్కూలు వీడియోలన్నీ వెతికి తీశారు. మొదటిరోజు ఆ గొంతు “ఏమండీ, భోంచేశారా?” అన్నప్పుడు గంగాధరం గోడకి ఆనుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత సాధనం ప్రయోగశాల దాటి బజారుకి వెళ్ళింది. సంస్థలో వేరే విభాగం వాళ్ళు కొత్త వెర్షను తయారుచేసి అందరి కంప్యూటర్లకీ పంపారు. ఈ నెట్ గొడవ అప్పట్నించీ మొదలైంది.

“ఇదే వరస మందా,” అన్నాడు గంగాధరం, అక్కని చూడ్డానికి విశాఖ నుంచి వచ్చిన మరదలితో. “రూటరు మార్చేం. వైరు మార్చేం. కంపెనీ కూడా మార్చేసేం. మా గ్రూపులో అందరిదీ ఇదే ఏడుపు. తుని వాళ్ళయితే మేడ మీద యాంటెన్నా పెట్టించుకున్నారంట.”

ఆ గ్రూపు, సాధనం వాడేవాళ్ళ కుటుంబాలన్నీ కలిసి ఫోన్లలో పెట్టుకున్నది. అందులో అందరికంటే ఎక్కువ సలహాలు రాసేది గంగాధరమే.

“ఎప్పుడెప్పుడు పోతుంది బావా?” అంది మందాకిని, కంప్యూటరు ముందు కూర్చుని.

“అదే విచిత్రం. ఫిజియోథెరపీ కిశోర్ వచ్చినప్పుడు తప్పకుండా పోద్ది. అతను తెచ్చే కరెంటు మిషన్ వల్లేమోనని రూటరు పడగ్గదిలోకి మార్చేం. అయినా అంతే. కానీ ఒకటి చెప్పాలమ్మా, ఈ కొత్త వెర్షను వచ్చేక మీ అక్క ఎంత శాంతపడిపోయిందో! ఒక్క కసురు లేదు. పనమ్మాయి కూడా అంది, అమ్మగారు బంగారం అయిపోయేరండీ అని.”

మందాకిని అతని మాట సగమే వింటోంది. ఆమె చూపు తెర మీద ఉంది. పసుపు త్రికోణం కింద పాట సాగుతూనే ఉంది.

“బావా, ఈ పాట కంప్యూటర్లో దాచుకున్నదా?”

“లేదమ్మా, నెట్లోంచే వస్తుంది.”

“నెట్ లేనప్పుడు నెట్లోంచి పాట ఎలా వస్తోంది?”

గంగాధరం వంగి తెర వైపు చూశాడు. కొన్ని నెలలుగా రోజూ జరుగుతున్నదే. ఎప్పుడూ ఆలోచించలేదు.

మందాకిని వరసగా చూసుకుంటూ పోయింది. తేదీ, గడియారం సరిగానే ఉన్నాయి. వేరే పేజీలు తెరిస్తే తెరుచుకున్నాయి. విశాఖలో తన ప్రయోగశాల కంప్యూటరుకి సందేశం పంపితే రెప్పపాటులో జవాబు వచ్చింది. నెట్ నిక్షేపంలా ఉంది. అసలు తను తయారుచేసిన పద్ధతిలో మాట్లాడటానికి నెట్ అవసరమే లేదు. మాటలు అల్లే పనంతా ఈ గదిలోనే, ఈ డబ్బాలోనే జరుగుతుంది.

ఆమె లేచి వెళ్ళి, రూటరు నుంచి కంప్యూటరుకి వచ్చే నీలం వైరు పీకేసింది. పాట ఆగిపోయింది.

“అక్కా, టీ ఎలా ఉంది?”

హైమ గొంతు హాయిగా పలికింది. “పంచదార ఎక్కువైందే. మీ బావ చెంచా కాదు, గరిటె వాడతారు.”

గంగాధరం నవ్వబోయాడు. మందాకిని నవ్వలేదు. వైరు ఆమె చేతిలో వేలాడుతోంది.

“అక్కా, కిశోర్ వచ్చినప్పుడు ఏం చెప్పాలనుకుంటున్నావ్?”

హైమ కళ్ళు ఎర్రబడ్డాయి. మెడ మీద నరం ఒకటి పొంగింది.

“ఇంటర్నెట్ అనుసంధానం లేదు. దయచేసి వేచి ఉండండి.”

మందాకిని వైరు తిరిగి పెట్టింది. అదే ప్రశ్న వేసింది. అదే జవాబు వచ్చింది. వైరు మళ్ళీ పీకింది. ఈ ఇంటి వీధి పేరు అడిగింది. హైమ చెప్పింది. మళ్ళీ కిశోర్ పేరెత్తింది.

“ఇంటర్నెట్ అనుసంధానం లేదు. దయచేసి వేచి ఉండండి.”

“ఇది నెట్ కాదు బావా,” అంది మందాకిని. “అక్కే. అక్కకి కోపం వచ్చినప్పుడల్లా ఇది నోరు నొక్కేస్తోంది.”

సాధనం రాకముందు ఆ ఇంట్లో అక్షరాల అట్ట ఒకటి ఉండేది. ఒక్కో అక్షరం చూపిస్తే కావలసిన చోట హైమ కళ్ళు పైకెత్తేది. మాట వచ్చేసిందిగా అని గంగాధరం దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. ఇప్పుడు మందాకిని క్యాలెండరు చింపి, వెనక వైపు అక్షరాలు రాసి, అక్క ముందు కూర్చుంది. వేలు ఒక్కో అక్షరం మీదికి జరుగుతుంటే హైమ కళ్ళు నిప్పుల్లా దాన్ని వెంటాడాయి. ‘భ’ దగ్గర లేచాయి. తర్వాత ‘జ’ దగ్గర.

“భుజమా? భుజం నొప్పా?”

కళ్ళు పైకి లేచాయి. దించలేదు.

గంగాధరం భార్య జాకెట్టు చెయ్యి కత్తిరించి చూశాడు. కుడి భుజం గుండ్రంగా లేదు. ఎముక చివర కిందికి జారి, పైన బొటనవేలు పట్టేంత గుంట పడింది. చుట్టూ కమిలిపోయి ఉంది. కిశోర్ రోజూ పొద్దున్నే ఆ చేతికి తాడు కట్టి, కప్పీ మీదుగా పైకి లాగుతాడు. పక్కన కూర్చుని “ఇంకొంచెం, ఇంకొంచెం” అని హుషారు చేసేది గంగాధరమే.

ఆ మధ్యాహ్నమే హైమని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కీలు ఊడి చాలా కాలమైందనీ, నరం సాగిపోయిందనీ, నొప్పి తగ్గించగలం గానీ పూర్తిగా పోగొట్టలేమనీ ఎముకల డాక్టరు చెప్పాడు. “పేషెంటు మాట్లాడతారుగా, ముందే ఎందుకు చెప్పలేదు?” అని కూడా అడిగాడు.

* * *

మర్నాడు ప్రయోగశాలలో మందాకిని తిన్నగా డైరెక్టరు చక్రపాణి గదిలోకి వెళ్ళింది. ఆయన ఆమెకి పాఠం చెప్పిన గురువు, ఆమె మొదటి వలని తన చేతులతో భూతద్దం కింద పరీక్షించినవాడు. ఆమె చెప్పిందంతా ఆయన విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

“మీకు తెలుసు,” అంది.

“కూర్చో అమ్మా.”

“తెలుసా, తెలీదా?”

“దాన్ని ప్రశాంతి పొర అంటున్నాం,” అన్నాడు చక్రపాణి. “కోపం వచ్చినప్పుడు మెదడులో వచ్చే అలజడి వేరుగా ఉంటుంది, నీకు తెలియనిది కాదు. ఏ మాటన్నది చూడదు, ఆ అలజడి కనిపిస్తే మాట ఆపుతుంది. ఎందుకు పెట్టామంటావా? మొదట్లో తీసుకున్న కుటుంబాల్లో చాలామంది సాధనం తిరిగి ఇచ్చేశారు. ఏళ్ళ తరబడి మంచంలో పడున్నవాళ్ళకి గొంతు ఇస్తే ఏం చేస్తారు? తిడతారు. కూతుర్ని తిట్టారు, కోడల్ని తిట్టారు, పెంచినవాళ్ళని తిట్టారు. కొనేది ఎవరు మందాకినీ? పేషెంటా? వినేవాళ్ళు కొంటారు. వాళ్ళు వినగలిగేలా ఉండాలి కదా!”

“మరి ఆపుతున్నామని చెప్పొచ్చుగా? నెట్ లేదని అబద్ధం ఎందుకు?”

చక్రపాణి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నోరు మూశామని రాస్తే జనం మన మీద పడతారు. నెట్ పోయిందంటే ఎవరు ఎవరి మీద పడతారు? మళ్ళీ వస్తుందిలే అని కూర్చుంటారు. ఎవరి మనసూ నొచ్చుకోదు.”

“మనసు నొచ్చుకోదా? మా అక్క భుజం ఊడిపోయింది సార్! రోజూ అరిచింది. ఊడిపోతోందిరా, వదలరా అని మనిషి లోపల గొంతు చించుకుంటుంటే, మీరు రిసెప్షనిస్టు గొంతుతో దయచేసి వేచి ఉండమన్నారు. మెల్లగా చెప్పాలని కూడా చూసుంటుంది. నొప్పిని తలుచుకుంటే కోపం రాకుండా ఉంటుందా? మీకు రాదా?”

“అరవకు. బయట పిల్లలు పనిచేసుకుంటున్నారు.”

“అరుస్తాను. నా తలలో మీ పొర లేదు!”

అద్దాల అవతల చప్పుడు ఆగిపోయింది. చక్రపాణి లేచి తలుపు వేశాడు. “మీ అక్కగారి కంప్యూటర్లోంచి పొర తీయించేస్తాను. ఈరోజే. మీరు మనవాళ్ళు. విషయం ఇక్కడితో...”

“మిగతావాళ్ళో?”

గోడ మీద రాష్ట్రమంతటా సాధనం వాడుతున్న ఊళ్ళని చుక్కలతో చూపించే పటం ఉంది. ఆ చుక్కలు చూసి ఒకప్పుడు మందాకిని గర్వపడింది. ఇప్పుడు వాటి వైపు చూడలేకపోయింది. ఆ ఇళ్ళన్నిట్లోనూ ఎవరో ఒకరు లేచి రూటరు ఆపి వేస్తున్నారు.

“మీరు తీయించనక్కర్లేదు. నాకు వచ్చు,” అని బయటికి వచ్చేసింది.

* * *

పొర తీయడానికి ఎక్కువసేపు పట్టలేదు. మందాకిని చివరి మీట నొక్కి వెనక్కి జరిగింది. గంగాధరం భార్య ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, శిక్ష కోసం ఎదురుచూసే కుర్రాడిలా కూర్చున్నాడు.

హైమ ఇన్ని నెలలు తలుపు కొట్టి కొట్టి, అది తెరుచుకుందని నమ్మలేని మనిషిలా చూసింది. ఆ తర్వాత డ్రైవింగ్ స్కూలు గొంతు, భానుగుడి సెంటర్లో బళ్ళు ఆపిన గొంతు, గదిలో పేలింది.

“పాట పెట్టేవయ్యా! నేను చచ్చిపోతున్నాను, వీణ్ణి ఆపండర్రా అని అరుస్తుంటే పాట పెట్టేవు! పైగా తల ఊపేవు!”

“హైమా...”

“నోర్ముయ్! నా వంతు ఇది. నా చెయ్యి నీదనుకున్నావా, తాడు కట్టి నూతిలో బాల్చీలా లాగడానికి? ఇన్నేళ్ళు కాపురం చేసేవు, నా కళ్ళు చూస్తే తెలీలేదా? ఆ డబ్బా లేదంటే లేదనేనా? మనిషి ఎదురుగా ఉంటే నువ్వు వెళ్ళి వైరు చూస్తావా? వైరుకేం రోగం! బంగారం అయిపోయిందని పనమ్మాయితో చెప్పుకుని మురిసిపోతావా? నేను బంగారం కాదు! ఎప్పుడూ కాదు!”

ఎదురింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. గంగాధరం చెయ్యి అలవాటుగా స్పీకరు మీటవైపు వెళ్ళింది. సగంలో ఆగింది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, మూసి ఉన్న రెండో కిటికీ కూడా తెరిచి వచ్చి కూర్చున్నాడు.

హైమ కళ్ళు చెల్లెలి మీదికి తిరిగాయి. “నువ్వొకత్తివి. అక్కకి గొంతిచ్చేనని ఊరంతా సన్మానాలు చేయించుకున్నావు. చేసిన వస్తువు ఎవడి చేతిలో పెట్టేవో చూసుకోవా? బాగున్నానండి, థాంక్సండి, టీ బాగుందండి... అది నేనటే? ఎవత్తో నా గొంతు కట్టుకుని నా ఇంట్లో తిరుగుతుంటే నేను లోపల కూర్చుని చూసేను. పక్షవాతం నయం దీనికంటే. అది అబద్ధం చెప్పలేదు.”

మందాకిని ఏడ్చింది గానీ తల దించుకోలేదు. దించుకుంటే అక్క మాట వినడం మానేసినట్టవుతుందనిపించింది. ఆవిడ చాలాసేపు తిట్టింది. తిట్టీ తిట్టీ, చివరికి, “భుజం మండిపోతుందే, ఐసు పెట్టండర్రా,” అంది మామూలు గొంతుతో. ఇద్దరూ ఒకేసారి లేచారు.

* * *

మందాకిని ఆ సాయంత్రమే గ్రూపులో నాలుగు ముక్కలు రాసింది. ‘నెట్ లేదని వచ్చినప్పుడు ఇంట్లో వేరే పేజీ తెరిచి చూడండి. తెరుచుకుంటే నెట్ ఉన్నట్టే. వైరు పీకి మాట్లాడించండి. మామూలు మాటలు వస్తూ, కొన్నిటికే నెట్ లేదంటే, మీవాళ్ళకి కోపం వచ్చిందని అర్థం. ఎందుకు వచ్చిందో కనుక్కోండి.’

గ్రూపు అంటుకుంది. కొన్ని కుటుంబాలు కలస్వన గేటు ముందు కూర్చున్నాయి. సంస్థ మందాకినిని ఉద్యోగంలోంచి తీసేసింది, విలేకరుల ముందు క్షమాపణ చెప్పింది, ఆ తర్వాత ఇంకో కొత్త వెర్షను పంపింది. అందులో అబద్ధపు హెచ్చరిక లేదు. దాని బదులు తెర మీద ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే ప్రశాంతి పొర పోతుంది; ఉంచాలో తీయాలో కుటుంబం ఇష్టం.

చాలా ఇళ్ళలో ఆ మీట ఎవరూ నొక్కలేదు.

ఆ సంగతి తెలిసినప్పుడు హైమకి వచ్చిన కోపానికి గంగాధరం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. “నంబర్లు తీయండి. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చెయ్యండి. నేను మాట్లాడతాను,” అందావిడ. అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం అతను నంబరు నొక్కి, ఫోను స్పీకరు పక్కన పెట్టేవాడు. కొందరు సిగ్గుపడి వెంటనే మీట నొక్కారు. కొందరు ఫోన్ పెట్టేశారు. హైమ మళ్ళీ చేయించింది.

తునిలో యాంటెన్నా పెట్టించుకున్న ఇంటావిడ పేరు సుభద్ర. భర్త అప్పలస్వామికి లారీలుండేవి. రెండేళ్ళుగా మంచంలో ఉన్నాడు.

“మాకు ఇలాగే బాగుందండి,” అంది సుభద్ర.

“మీకు బాగుంటుందమ్మా! ఆయనకో? మనిషి లోపల అరుస్తుంటే మీకు నిద్రెలా పడుతుంది?” హైమ గొంతు లేచింది. “ఏం భార్యవి నువ్వు?”



“ముప్పయ్యేళ్ళు విన్నానండి ఆయన అరుపు,” అంది సుభద్ర, గొంతు పెంచకుండానే. “అరుపు అయ్యేక చెయ్యి లేచేది. నా ఎడం చెవి వినపడదండి. అదెలా పోయిందో పిల్లలకి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేవలేరు. వేళకి అన్నం పెడతన్నాను, ఒళ్ళు తుడుస్తన్నాను. ఆ అరుపు కూడా నన్నే వినమంటారా?”

గంగాధరం హైమ వైపు చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

“తప్పు నాదమ్మా,” అంది. “మీరు వినక్కర్లేదు. ఒక్క పని చెయ్యండి. ఫోను ఆయన పక్కన పెట్టి, మీట నొక్కి, మీరు వీధిలోకి వెళ్ళిపోండి. నేను వింటాను. నాకు ఆయనంటే భయం లేదు.”

చాలాసేపటికి మంచం పక్కన ఫోను పెట్టిన చప్పుడు, దూరంగా తలుపు చప్పుడు వినిపించాయి. ఆ వెంటనే ఒక మగగొంతు, బొంగురుగా, “ఎవత్తివే నువ్వు?” అంది.

“డ్రైవింగ్ స్కూలు హైమని. నీలాగే పడున్నాను. తిట్టవలసింది తిట్టి, నొప్పెక్కడో చెప్పు.”

అతను తిట్టాడు. గంగాధరం చెవులు మూసుకునేన్ని బూతులు తిట్టాడు. హైమ వింది. మధ్యలో రెండు మూడు తను కూడా వడ్డించింది. భార్య చెవి గురించి అడిగింది. అతను ఇంకా తిట్టాడు. ఆ తర్వాత మెల్లగా ఊపిరి అయిపోయినట్టు, మాటలు విడివిడిగా వచ్చాయి.

“నడుం... కింద. కాలిపోతంది. పక్కకి తిప్పమంటన్నాను. ఎప్పట్నించో అంటన్నాను. ఎండ మీదికొస్తే గొడ్డునైనా పక్కకి మార్చి కడతారే.”

గంగాధరం ఫోను పెట్టేసి, మళ్ళీ చేశాడు. సుభద్ర లోపలికి వచ్చి ఎత్తింది.

“ఆయన అన్నవి మీకు చెప్పనమ్మా,” అంది హైమ. “నడుం కింద పుండు పడినట్టుంది, పక్కకి తిప్పి చూడండి. డాక్టరుకి చూపించండి. ఆ తర్వాత మీట మీ ఇష్టం.”

మంచం కిర్రుమంది. “అమ్మో,” అన్న మాట సన్నగా వినిపించింది. సుభద్ర ఫోను దగ్గరికి తిరిగి వచ్చింది.

“పడిందండి. అరచెయ్యంత. తుడిచేటప్పుడు ఆ పక్కకి ఎప్పుడూ చూళ్ళేదు నేను. మా అబ్బాయిని పిలుస్తాను. రోజూ ఒకపూట మీట నొక్కి వాణ్ణి కూర్చోబెడతాను. వాడు వింటాడు. నేను మాత్రం వినలేనండి.”

“వినకండి,” అంది హైమ. “మీరు విన్నది చాలు.”